జింక సమాధిపై మినారు కట్టించిన షికారీ పాదుషా

తిరువూరు చుట్టుపక్కల ఊళ్లలో పొట్టేళ్లను మేపేవాళ్లకి ఒక సంగతి చిన్నప్పుడే తెలుస్తుంది. రెండు పొట్టేళ్లు ఢీ అంటే ఢీ అని తలలు ఆనించాక వాటికి ఇక లోకం కనపడదు. పక్కన కుక్క మొరిగినా పట్టించుకోవు, మనిషి వచ్చి కాలు పట్టుకున్నా పట్టించుకోవు. మగ జింకలదీ ఇదే తీరు. జత కట్టే రోజుల్లో ఎక్కడో కొమ్ముల చప్పుడైతే చాలు, తన చోటుకి ఎవడొచ్చాడా అని మగది అటు పరుగెత్తుతుంది. అమెరికా వేటగాళ్లు ఈ గుణాన్నే వాడుకుంటారు. రాలిపడిన జింక కొమ్ములు రెండు చేతుల్లో పట్టుకుని, పొద చాటున కూర్చుని, ఒకదానికొకటి తాటిస్తారు. అక్కడేదో పోట్లాట జరుగుతోందనుకుని మగ జింక తనంతట తానే తుపాకీ ముందుకు వస్తుంది.

మన దేశంలో ఈ విద్య అంతకంటే పాతది, అంతకంటే దూరం పోయింది. ఇక్కడ ఉత్త కొమ్ముల చప్పుడుతో సరిపెట్టలేదు. మచ్చిక చేసిన జింకనే అడవి జింక మీదికి పోట్లాటకి పంపేవాళ్లు. ఇలా తన జాతినే రప్పించి పట్టిచ్చే జంతువుకి తెలుగులో దీమం అని పాత మాట ఉంది. కౌజు పిట్టను పంజరంలో పెట్టి పొలంలో కూయించి మిగతా కౌజుల్ని పట్టేవాళ్ల దగ్గర ఆ పద్ధతి నిన్నమొన్నటి దాకా ఉంది. అయితే ఒక దీమపు జింక చచ్చిపోతే దానికి సమాధి కట్టించి, పక్కన మినారు లేపి, ఆ మైదానంలో ఎవరూ జింకని ముట్టకూడదని హుకుం వేసిన మనిషి మాత్రం ఒక్కడే. ఆయన మొగల్ పాదుషా నూరుద్దీన్ జహంగీర్.

తెలుగువాళ్లకి జహంగీర్ అంటే ముందు గుర్తొచ్చేది 1955 నాటి అనార్కలి సినిమాలో అక్కినేని నాగేశ్వరరావు వేసిన సలీం. ఆ ప్రేమకథకి చరిత్రలో గట్టి ఆధారం లేదు. జహంగీర్ స్వయంగా ఫార్సీలో రాసుకున్న ఆత్మకథ తుజుకె జహంగీరీలో అనార్కలి ఊసే లేదు. అందులో పేజీ పేజీకీ కనిపించేది షికారు. ఏ రోజు ఏ మైదానంలో ఏ జంతువుని కొట్టాడో, దాని బరువెంతో, పొడవెంతో, కోసి చూస్తే కడుపులో ఏముందో అన్నీ రాసిపెట్టాడు. ఆ లెక్కల మధ్యలోనే ఆయన మనసు బయటపడుతుంది, చాలాచోట్ల ఆయనకి తెలియకుండానే.

సలీం పుట్టుకలోనే షికారు ఉంది. అక్బర్‌కి పిల్లలు పుట్టి పసితనంలోనే పోతుండేవాళ్లు. ఫతేపూర్ సిక్రీ గుట్ట మీద ఉండే షేక్ సలీం చిష్తీ దగ్గరికి వెళ్లి దువా చేయించుకున్నాడు. అంబర్ రాజు భార్‌మల్ కూతురు, తర్వాత మరియం ఉజ్ జమానీగా పేరుపడ్డ బేగం గర్భవతి అయింది. ఒక జుమా రోజు కడుపులో బిడ్డ కదలడం లేదని అంతఃపురం ఆడవాళ్లు కంగారుపడ్డారు. ఆ సమయానికి అక్బర్ చివంగులతో, అంటే చీతాలతో, జింకల వేటలో ఉన్నాడు. కబురు అందగానే బిడ్డ బతికితే ఇక జన్మలో జుమా రోజు చీతాలతో వేటాడనని మన్నత్ చేసుకున్నాడు. బిడ్డ కదిలింది. 1569 ఆగస్టు 31న మగపిల్లాడు పుట్టాడు. షేక్ పేరే పెట్టారు. అక్బర్ మాత్రం కొడుకుని ఎప్పుడూ షేఖూ బాబా అనే పిలిచేవాడు. తండ్రి ఆ మాటని చివరిదాకా నిలబెట్టుకున్నాడు. తన ప్రాణం కోసం తండ్రి పెట్టుకున్న నియమం కాబట్టి జహంగీర్ కూడా జుమా రోజు చీతాలతో వేటాడలేదు.

ఆ ఇంట్లో జింకలంటే ఉత్త మాంసం కాదు. అక్బర్ దర్బారులో పాదుషా సొంత జింకలకి పేర్లుండేవి, కాపలాదార్లుండేవాళ్లు. వాటి పోటీల మీద అమీర్లు పందేలు కాసేవాళ్లు. కృష్ణా జిల్లావాళ్లకి కోడిపందేలు ఎలాగో వాళ్లకి జింకల పందెం అలాగ. 1596లో అలాంటి పోటీ చూస్తుండగా ఒక జింక అక్బర్ మీదికే దూసుకొచ్చి కొమ్ములతో పొడిచింది. పాదుషా చాలా రోజులు మంచం పట్టాడు.

ఇక్కడ జింక అంటే ఏ జింకో చెప్పుకోవాలి. తిరువూరు దాటి సత్తుపల్లి, భద్రాచలం వైపు పోతే అడవుల్లో ఉండేది చుక్కల దుప్పి, కణుజు. వాటి కొమ్ములు కొమ్మలు కొమ్మలుగా పెరిగి ఏటేటా రాలిపోతాయి. మొగలులు పెంచింది కృష్ణజింక. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు అదే. తెలంగాణలో నారాయణపేట వైపు కృష్ణా ఒడ్డు పొలాల్లోకి మందలుగా వచ్చేదీ అదే. ఇది చెట్లలో దాక్కునే జంతువు కాదు, బయలు జంతువు. మగదాన్ని మన పెద్దలు ఇర్రి అనేవాళ్లు. పైన నలుపు, కింద తెలుపు, మెలితిరిగిన పొడుగు కొమ్ములు. ఆ కొమ్ములు రాలవు, జీవితాంతం ఉంటాయి. జత కట్టే కాలంలో ఒక్కో మగది కాస్త నేల తనదని కాపలా కాస్తుంది. అందులోకి ఇంకో మగది అడుగుపెడితే తలవంచి కొమ్ములు కలపాల్సిందే.

దీమపు వేట అంతా ఆ ఒక్క క్షణం మీదే నడుస్తుంది. మచ్చికైన ఇర్రి కొమ్ములకి సన్నని వల కట్టి, అడవి మంద కనిపించే చోట వదులుతారు. ఇది నెమ్మదిగా మేస్తూ మంద వైపు పోతుంది. మందలోని మొనగాడు చూసి మీదికొస్తాడు. కొమ్ములు తగులుకుంటాయి. రెండు మూడు విసుర్లలో అడవిదాని కొమ్మో చెవో కాలో వలలో చిక్కుతుంది. చాటున ఉన్న మనుషులు పరుగెత్తి పట్టుకుంటారు. వల తెగినా, దీమపు జింక అలిసిపోయినా అది కాపరి దగ్గరికి తిరిగొస్తుంది. కొత్త వల కట్టి మళ్లీ పంపుతారు, లేదంటే ఇంకోదాన్ని వదులుతారు. బాణం లేదు, తుపాకీ లేదు, నెత్తురు చుక్క పడదు. అడవి జింకని పట్టించేది దాని కోపమే. ఈ పద్ధతినంతా వివరంగా ఐనె అక్బరీలో రాసిపెట్టినవాడు అబుల్ ఫజల్. అలహాబాద్‌లో ఉన్న ఒక జింక నదులు, మైదానాలు దాటుకుని పంజాబ్‌లోని తన పాత కాపరి దగ్గరికి తిరిగి చేరిందని కూడా రాశాడు.

అదే అబుల్ ఫజల్‌ని 1602లో దారి కాయించి చంపించింది సలీమే. దక్కన్ నుంచి ఆగ్రాకి తిరిగొస్తున్న ఆ పండితుడు తన మీద తండ్రికి చాడీలు చెబుతాడని భయపడి, బుందేలా రాజు బీర్‌సింగ్ చేత ఆ పని చేయించాడు. ఆ సంగతి తన ఆత్మకథలో దాచుకోలేదు, పశ్చాత్తాపం ఉన్నట్టు కూడా రాయలేదు. అప్పటికి రెండేళ్లుగా అలహాబాద్‌లో తండ్రికి ఎదురు తిరిగి సొంత దర్బారు పెట్టుకుని ఉన్నాడు.

తాగుడు కూడా వేటలోనే అంటుకుంది. 18 ఏళ్ల వయసులో అటక్ దగ్గర సింధు తీరాన షికారు చేసి ఒళ్లు అలిసిపోయి కూర్చుంటే, తుపాకుల ఉస్తాద్ ఒకాయన ఒక గిన్నె ద్రాక్షసారా తాగితే బడలిక పోతుందన్నాడు. గిన్నెన్నర తాగాడు. తొమ్మిదేళ్లు తిరిగేసరికి రెండుసార్లు కాచిన సారా రోజుకి 20 గిన్నెలైంది. చేతులు వణికి, గిన్నె ఇంకొకరు పట్టుకుని తాగించే స్థితి. హకీం హుమాం ఇంకో ఆరు నెలలు ఇలాగే సాగితే మందు లేదని చెప్పాక తగ్గించుకున్నాడు, మానలేదు. తమ్ముడు మురాద్ తాగుడుతోనే పోయాడు. ఇంకో తమ్ముడు దానియాల్ కథ మరీ ఘోరం. బుర్హాన్‌పూర్‌లో ఆయనకి మద్యం అందకుండా కాపలా పెట్టారు. ఆయనకి ప్రాణప్రదమైన వేట తుపాకీ ఒకటుంది. సేవకుల్ని బతిమాలి ఆ తుపాకీ గొట్టంలోనే సారా పోయించి తెప్పించుకున్నాడు. తుప్పుతో, మందుగుండు మసితో కలిసిన ఆ సారా తాగి మంచం పట్టి 1605లో కన్నుమూశాడు. ఇదంతా రాసింది కూడా జహంగీరే.

అదే ఏడాది అక్టోబరులో అక్బర్ పోయాడు. సలీం జహంగీర్ అయ్యాడు. గద్దెనెక్కగానే చేసిన మొదటి పనుల్లో ఒకటి ఆగ్రా కోట గోడ నుంచి యమున ఒడ్డు దాకా బంగారు గొలుసు వేలాడదీయించడం. 30 గజాల గొలుసు, 60 గంటలు. ఇన్సాఫ్ దొరకని ఎవరైనా వచ్చి లాగొచ్చు. వారంలో రెండు రోజులు, తన పట్టాభిషేకం జరిగిన గురువారం, తండ్రి పుట్టిన ఆదివారం, జంతువుల్ని కోయకూడదని కూడా హుకుం ఇచ్చాడు.

ఆర్నెల్లు తిరక్కుండానే పెద్ద కొడుకు ఖుస్రో తిరగబడ్డాడు. తను తండ్రికి చేసిందే కొడుకు తనకి చేశాడు. 1606లో ఖుస్రో దొరికిపోయాడు. అతని మనుషుల్ని దారికి రెండువైపులా కొరతలు పాతి వాటి మీద ఎక్కించి, ఆ వరసల మధ్య నుంచి ఖుస్రోని ఏనుగు మీద నడిపించారు. ఖుస్రోకి సాయపడ్డాడన్న ఆరోపణ మీద సిక్కుల గురువు అర్జన్ దేవ్ ప్రాణం కూడా ఆ ఏడాది లాహోర్‌లోనే పోయింది. ఆ గాయం పంజాబ్‌లో ఇప్పటికీ మానలేదు.

మన్స్‌రాజ్ కథ సరిగ్గా ఈ రోజులది. లాహోర్‌కి వాయవ్యంగా దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో పాదుషా షికారు మైదానం ఒకటుంది. జహంగీర్‌పూర్ అనేవాళ్లు. తండ్రి పిలిచిన ముద్దుపేరు మీదుగా తర్వాత షేఖూపురా అయింది. ఆ మైదానంలో ఒక ఇర్రి వలకి చిక్కింది. అడవిలో పుట్టి పెరిగిన జంతువు, అయినా నెల రోజుల్లోనే బెరుకు పోయి మచ్చికైంది. పాదుషా సొంత జింకలన్నిటికీ పెద్ద అయి కూర్చుంది. దానికి మన్స్‌రాజ్ అని పేరు పెట్టారు. మచ్చిక జింకలతో పోటీల్లో దాన్ని గెలిచింది లేదు. వల కట్టి వదిలితే అడవి జింకని పట్టివ్వడంలో దానికి సాటి లేదు.

అది చచ్చిపోతే జహంగీర్ చేసింది వజీర్లకి కూడా చేయనిది. పట్టుబడిన మైదానంలోనే పాతిపెట్టించి, కబర్ మీద జింక ఆకారంలోనే రాయి చెక్కించాడు. దాని తలవైపు మినారు లేపించాడు. కశ్మీర్‌కి చెందిన ముల్లా మహమ్మద్ హుసేన్ అప్పట్లో దేశంలో పేరెన్నికగన్న లేఖకుడు. ఆయన చేత్తో ఆ జింక ఎలా దొరికిందీ, నెలలో ఎలా మచ్చికైందీ రాయించి ఆ రాత రాతి మీదికి ఎక్కించారు. తర్వాత వచ్చింది అసలు హుకుం. ఈ మైదానంలో జింకని ఎవరూ వేటాడకూడదు. ఇక్కడి జింక మాంసం హిందువులకి గోమాంసంతో సమానం, ముసల్మానులకి పంది మాంసంతో సమానం అని చాటించాడు. ఎవరికి ఏది ముట్టకూడనిదో చూసి, అందరికీ ఒకే మాటలో హరామ్ చేసేశాడు. అక్కడ కోట కట్టే పని ఆ పరగణా జాగీర్దారు సికందర్ మొయిన్‌కి అప్పగించాడు. 1607లో కాబూల్ వెళ్తూ పాదుషా అక్కడ ఆగాడు. ఈ సంగతులన్నీ ఆ మజిలీ దగ్గరే ఆత్మకథలో రాసుకున్నాడు.

నిజానికి ఆ జింక జీవితమంతా చేసింది తన జాతిని పట్టివ్వడమే. దాని చావుతో మాత్రం ఆ మైదానంలోని జింకలన్నిటికీ ప్రాణాలు దక్కాయి. ఏడాది కిందట మనుషుల్ని కొరతలెక్కించిన చేతులే ఈ హుకుం మీద మొహరు వేశాయి. చదివేవాళ్లకి ఈ రెండు సంగతులూ పక్కపక్కన పట్టవు. జహంగీర్‌కి మాత్రం అవి ఒకదానికొకటి అడ్డమే రాలేదు.

కాబూల్ నుంచి తిరుగు ప్రయాణంలో ఇంకో కుట్ర బయటపడింది. ఖుస్రో మనుషులు ఈసారి పాదుషాని షికారు మైదానంలోనే చంపాలని చూశారు. జింక వెంట పడ్డప్పుడు రాజు చుట్టూ కాపలా పలచబడుతుందని అందరికీ తెలుసు. మూడో కొడుకు ఖుర్రం, అంటే తర్వాతి షాజహాన్, చెవిన పడి తండ్రికి చెప్పాడు. నలుగురి తలలు తెగాయి. ఖుస్రోని గుడ్డివాణ్ణి చేయించారు, అయినా చూపు ఏ కొంచెమో మిగిలింది.

1610 ప్రాంతంలో జరిగిన రెండు మనుబోతుల వేటలు కూడా ఇలాంటివే. మనుబోతు అంటే నీల్‌గాయ్. ఒకరోజు ఒకదానికి గుండ్లు తగిలినా పడకుండా చాలాదూరం నడిపించింది. పాదుషా వెంటపడి వెంటపడి, ఇది పడితే దీని మాంసం వండించి ఖ్వాజా మొయినుద్దీన్ పేరు మీద బీదలకి పెడతానని మొక్కుకున్నాడు. కాసేపటికి అది కూలబడింది. అక్కడికక్కడే జబహ్ చేయించి, పెద్ద పెద్ద దేగ్‌లలో వండించి, ఆకలిగొన్నవాళ్లని పిలిపించి తన ఎదుటే తినిపించాడు. ఆ రాత చదివితే ఎవరికైనా మనసు నిండుతుంది.

రెండోది వేరే రోజు సంగతి. మనుబోతు గురికి అందే దూరంలో ఉంది. పాదుషా తుపాకీ ఎత్తాడు. ఇంతలో ఎటు నుంచో ఒక గుర్రపు సేవకుడు, ఇద్దరు పల్లకీ బోయీలు అడ్డం వచ్చారు. మనుబోతు పారిపోయింది. ఆ కోపంలో సేవకుణ్ణి అక్కడే చంపమన్నాడు. బోయీలిద్దరికీ మడమ నరాలు కోయించి, గాడిదల మీద విడిదంతా తిప్పమన్నాడు, ఇంకెవరూ ఇలా అడ్డం రాకుండా. ఆ తర్వాత డేగలతో వేట కొనసాగించాడు. ఆగ్రాలో బంగారు గొలుసు వేలాడుతూనే ఉంది. ఆ బోయీలు వెళ్లి లాగే అవకాశం ఎక్కడ?

అదే చేయి బొమ్మల విషయంలో, జంతువుల విషయంలో ఎంత సున్నితమో కూడా చెప్పాలి. ఉస్తాద్ మన్సూర్ చేత ఆయన వేయించిన పక్షుల, జంతువుల బొమ్మల్ని జంతుశాస్త్రం చదివేవాళ్లు నేటికీ చూస్తారు. సారస కొంగల జంటకి లైలా, మజ్నూ అని పేర్లు పెట్టి, గుడ్లు పెట్టిన రోజు నుంచి పిల్లలు లేచే దాకా ఎవరెప్పుడు పొదిగారో రాయించాడు. పెంపుడు చీతా ఒకటి పిల్లల్ని పెట్టిందని ఆయన రాసింది ప్రపంచంలోనే మొదటి దాఖలా. అక్బర్ వెయ్యి చీతాల్ని పెంచినా జరగని పని అది. మళ్లీ అలాంటిది రికార్డుకెక్కింది 1956లో, అమెరికాలోని ఫిలడెల్ఫియా జూలో.

1611లో నూర్‌జహాన్‌ని నికాహ్ చేసుకున్నాడు. ఆమె గురి భర్త గురికి ఏమాత్రం తీసిపోదు. 1617లో ఏనుగు మీద అంబారీలోంచి ఆరు గుండ్లతో నాలుగు పులుల్ని పడేసింది. పాదుషా పొంగిపోయి అష్రఫీలు దిగదుడిచి పంచిపెట్టాడు.

ఆ కాలంలోనే ఆయన తన జీవితకాలపు వేటకి లెక్క తీయించాడు. 12వ ఏట నుంచి చాంద్రమానం లెక్కన 50వ ఏడు వచ్చేదాకా ఆయన ఎదుట పడిన జంతువులూ పక్షులూ 28,532. అందులో తన చేత్తో కొట్టినవి 17,167. పులులు, సింహాలు కలిపి 86. మనుబోతులు 889. కృష్ణజింకలు, దుప్పులు, కొండమేకల్లాంటివి కలిపి 1,670. పక్షులు 13,964, వాటిలో పావురాలే 10,348. మొసళ్లు 10. దఫ్తరు రాసేవాళ్లు ఇంత జాగ్రత్తగా లెక్కపెట్టారంటే పాదుషా దాన్ని ఘనతగానే అనుకున్నాడనుకోవాలి. అయితే 50 ఏళ్లు నిండాక తుపాకీ దించేస్తానని, ఏ ప్రాణికీ తన చేత్తో హాని చేయనని ఆయన ఎప్పుడో అల్లాకి మాట ఇచ్చుకున్నాడు. లెక్క తీయించింది ఆ గడువు దగ్గరపడుతుంటేనే.

1618లో గడువు తోసుకొచ్చింది. మనవడు షా షుజా, ఖుర్రం కొడుకు, నూర్‌జహాన్ చేతుల్లో పెరుగుతున్న పసివాడు. వాడికి పిల్లలకొచ్చే ఫిట్స్ లాంటి జబ్బు వచ్చి స్పృహ తప్పింది. హకీంలు చేతులెత్తేశారు. తాతకి తన పాత మాట గుర్తొచ్చింది. దాన్ని ఇప్పుడే, ఈ బిడ్డ కోసం అమల్లో పెడితే బిడ్డ దక్కుతాడేమోనని తుపాకీ వదిలేశాడు. షుజా కోలుకున్నాడు. తన పుట్టుకకి తండ్రి జుమా వేట వదులుకున్నట్టే, మనవడి ప్రాణానికి తను తుపాకీ వదులుకున్నాడు.

మాట మీద నిలబడ్డాడు కూడా. 1619లో మథుర దగ్గర రైతులొచ్చి పులి జనాన్ని, పశువుల్ని తినేస్తోందని మొరపెట్టుకున్నారు. పాదుషా తుపాకీ ముట్టలేదు. బేగంని కొట్టమన్నాడు. పులి వాసనకి ఏనుగు నిలవకుండా కదులుతున్నా నూర్‌జహాన్ ఒక్క గుండుతో పని ముగించింది.

మాట తప్పించింది కొడుకే. 1622లో ఖుర్రం తిరుగుబాటు మొదలుపెట్టాడు. ఏ బిడ్డ ప్రాణం కోసం తుపాకీ దించాడో ఆ బిడ్డ తండ్రే ఎదురు నిలిచాడు. పాదుషా ఫౌజు తరుముతుంటే ఖుర్రం 1623లో దక్కన్ దాటి గోల్కొండ రాజ్యంలోకి వచ్చాడు. అప్పట్లో కొండపల్లి, మచిలీపట్నం సీమంతా కుతుబ్‌షాహీల ఏలుబడి. సుల్తాన్ మహమ్మద్ కుతుబ్ షా అతన్ని ఉండనివ్వలేదు, అడ్డుపడనూ లేదు. తెలుగు నేల మీదుగా మచిలీపట్నం చేరి, అక్కడి నుంచి సముద్ర తీరం వెంబడి ఒరిస్సా, బెంగాల్ వైపు పోయాడు. తర్వాత తాజ్‌మహల్ కట్టించిన షాజహాన్ అలా ఒకసారి కృష్ణా జిల్లా దారుల్లో ప్రాణం అరచేత పెట్టుకుని తిరిగాడు.

కొడుకు చేసిన పనికి జహంగీర్ రగిలిపోయాడు. దౌలత్ లేనివాడని అర్థం వచ్చేలా దఫ్తరులో అతని పేరే మార్చి రాయించాడు. మన్నత్ కూడా ఆ కోపంలోనే పోయింది. దాదాపు ఐదేళ్లు ముట్టని తుపాకీ మళ్లీ పట్టాడు. మహలులో ఎవరూ తుపాకీ లేకుండా ఉండొద్దని ఆజ్ఞ ఇచ్చాడు.

చివరి ఏళ్లలో ఉబ్బసం పట్టి పీడించింది. మైదానాల వేడి పడక వేసవి రాగానే కశ్మీర్ వెళ్లేవాడు. 1627లో కశ్మీర్ గాలి కూడా పనిచేయలేదు. ఆకలి పోయింది, ఎన్నో ఏళ్లుగా అలవాటైన నల్లమందు కూడా సహించలేదు, ద్రాక్షసారా గుక్కెడు తప్ప ఏదీ దిగేది కాదు. గుర్రమెక్కలేక పల్లకీలోనే కదిలేవాడు. లాహోర్‌కి తిరిగొస్తూ బైరంకలా అనే కొండ మజిలీ దగ్గర ఆగారు. ఆయనకి ఎంతో ఇష్టమైన షికారు చోటు అది. ఆ ఊరివాళ్లు కొండ మీది జింకల్ని అంచు దాకా తోలుకొస్తారు, కింద కూర్చున్న పాదుషా తుపాకీ ఆనించుకుని కొడతాడు. లేచి నిలబడే ఓపిక లేకపోయినా ఆ రోజు కూర్చున్నాడు.

గుండు తగిలిన జింక ఒకటి కుంటుతూ ఆడజింక ఉన్న వైపు పోయింది. కాలిబంటు ఒకడు దాన్ని తోలుకొద్దామని వెంటపడ్డాడు. రాతి అంచు మీద కాలు జారి కిందపడి, ముక్కలై పోయాడు.

వేల జంతువులు ఎదుట పడగా చూసినవాడు, మనుబోతు తప్పిపోయిందని మనిషిని చంపించినవాడు, ఆ రోజు తట్టుకోలేకపోయాడు. వేట ఆపించి డేరాకి వెళ్లిపోయాడు. ఆ బంటు తల్లి ఏడుస్తూ వస్తే డబ్బిచ్చి ఓదార్చాడు. ఆమె వెళ్లిపోయినా ఆయన మనసు కుదుటపడలేదు. మలకుల్ మౌత్ ఈ రూపంలో తన కళ్లెదుట నిలబడి వెళ్లినట్టుందని ఆయనకి అనిపించింది. ఆ రాత్రి నుంచి నిద్ర లేదు. అక్కడి నుంచి తానా, తానా నుంచి రాజౌరి, మజిలీ మజిలీకీ పరిస్థితి దిగజారింది. రాజౌరి దాటాక దారిలో ఒక గిన్నె అడిగాడు, పెదవుల దాకా తెచ్చినా మింగలేకపోయాడు. 1627 చివర్లో, భింబర్ చేరకముందే, ఒక పొద్దున ప్రాణం పోయింది. వయసు 58.

శవాన్ని లాహోర్ తెచ్చి రావి నది అవతల షాహ్‌దరా తోటలో పాతిపెట్టారు. సమాధి మీద గుమ్మటం లేదు. అదే గట్టున ఇంకాస్త దూరం పోతే షేఖూపురా. అక్కడ దాదాపు 30 మీటర్ల మినారు ఇప్పటికీ నిలబడి ఉంది, హిరన్ మినార్ అంటారు. పక్కన పెద్ద కోనేరు, మధ్యలో ఎనిమిది మూలల బారాదరి, దాకా వెళ్లడానికి రాతి వంతెన. పాకిస్తాన్ పంజాబ్ కుటుంబాలు సెలవు రోజుల్లో పిల్లల్ని తీసుకొచ్చి పడవ ఎక్కిస్తుంటాయి. జింక ఆకారంలో చెక్కిన మన్స్‌రాజ్ కబర్ రాయి మాత్రం ఇప్పుడు అక్కడ లేదు.